అరికాళ్లు చూసే మనిషి

ఒక్క మధ్యాహ్నం పాటు నేను మా అత్త కంట్లో పుణ్యాత్మురాలినయ్యాను. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నన్ను చూసి చేతులు జోడించింది ఆ ఒక్కసారే. నిజం తెలిశాక నేను మళ్లీ మామూలు కోడలినే.

ఎండాకాలంలో ఒక శుక్రవారం అది. తిరుచానూరు అమ్మవారి దర్శనం చేసుకుని నేనూ, మా ఆయనా, అత్తా బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. మా బట్టల అంగడి గుడికి దగ్గరే కాబట్టి మాకది వారం వారం అలవాటు. కాళ్లు కాలకుండా దారి పొడుగునా కొబ్బరిపీచు పట్టలు పరిచి ఉన్నాయి కానీ, ఆ రోజు జనం కిటకిటలాడుతున్నారు. పట్టల మీద అడుగు పెట్టే సందు లేదు. తోసుకుపోవడం నాకు చేతకాదు. పక్కనున్న బండల మీదికి దిగి నడిచాను. మా ఆయన పంచె ఎగ్గట్టి "అమ్మమ్మమ్మా" అంటూ నీడలోకి ఉరికాడు. చుట్టూ అందరూ కాలు మార్చి కాలు ఎత్తి గెంతుతుంటే, నేను మాత్రం కుంకుమ పొట్లం పట్టుకుని మా ఇంటి వరండాలో నడిచినట్టు నింపాదిగా నడిచాను.

"సూడండమ్మా, ఆయమ్మకు కాళ్లు కాలడంలా! అమ్మోరే తోడు నడస్తా ఉండాది" అని పూలమ్మే మనిషి గట్టిగా అరిచింది.

జనం తిరిగి చూశారు. ఎవరో ఒకామె వంగి నా పాదాలు తాకి కళ్లకద్దుకుంది. "మా కోడలే! మా కోడలే!" అంటూ అత్త పట్ట మీద నిలబడి నాకు చేతులు జోడించింది. అబద్ధమెందుకు, నాకు బాగానే ఉండింది. నన్ను ఎవరైనా మెచ్చుకుని ఎంత కాలమైందో నాకే గుర్తు లేదు. కొంపదీసి నిజమేనేమో అని కూడా ఒక్క క్షణం అనిపించింది.

సాయంత్రం అంగడి నుంచి ఇంటికొచ్చాక మా ఆయన హాల్లో నేల చూసి కసిరాడు. "ఎవురు నీళ్లు తొక్కి ఇల్లంతా తిరిగినారు?" అన్నాడు. తడి అడుగులు వంటింట్లోంచి వరండాదాకా ఉన్నాయి. ఆ అడుగులు నావి. నీళ్లు మాత్రం నేను తొక్కలేదు. కుర్చీలో కూర్చుని కాలు తిప్పి చూసుకుంటే, అరికాలి చర్మం పాల మీద మీగడలాగా ముడుచుకుని పక్కకు జారిపోయి ఉంది. రెండో కాలూ అంతే. పొక్కులు లేచి, పగిలి, కారిపోతున్నా నాకు తెలియలేదు. నొప్పి లేదు. మంట లేదు. ఎవరి కాళ్లనో చూస్తున్నట్టుంది.

అత్త వెంటనే ఒప్పుకోలేదు. "అంత కాలినా నొప్పి తెలీకుండా చేసింది సూడు తల్లి" అంది. నాకు ఒళ్లు మండింది కానీ, మాట అనడానికి కూడా ఓపిక ఉండాలి.

నాకు షుగరు వచ్చి చాలా ఏళ్లయింది. గుర్తుంటే మాత్ర వేసుకునేదాన్ని, గుర్తు లేకపోతే లేదు. తిరుపతిలో మేం పోయిన డాక్టరమ్మ వయసులో చిన్నదే. కాళ్లకు మందు రాసి కట్టు కట్టింది. కొన్నాళ్లకు కాలిన చోట కొత్త చర్మం వచ్చాక, సన్నటి ప్లాస్టిక్ తీగ ఒకటి చేత్తో పట్టుకుని "కళ్లు మూసుకోండి, ఇది కాలికి తగిలినప్పుడల్లా తగిలిందని చెప్పండి" అంది. కళ్లు మూసుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరి టోకెనో పిలుస్తున్నారు. నేను కాచుక్కూర్చున్నాను. ఎంతకీ తగలదు.

"ఏమ్మా, ఇంకా మొదలుపెట్టలేదా?" అన్నాను.

"అయిపోయిందమ్మా" అందామె.

కళ్లు తెరిస్తే మా ఆయన గోడకానుకుని నా కాళ్లవైపే చూస్తున్నాడు. ఆ తీగ నా కాలికి తగిలిన ప్రతిసారీ ఆయన చూశాడు. నేను ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడమూ చూశాడు.

మా అమ్మకూ ఇదే అయింది. మాది నగరిలో మగ్గాల ఇల్లు. ఇంట్లో పవర్‌లూమ్ పొద్దున మొదలైతే చీకటి పడేదాకా దడదడమంటూనే ఉండేది. ఆ మగ్గం కింద పడిన మేకు ఒకటి అమ్మ కాల్లో దిగి ఎన్నాళ్లుందో ఎవరికీ తెలియదు. మా అమ్మను ఊరంతా ఓర్పు గల మనిషి అనేవాళ్లు. తీరా చూస్తే పుండు పైపైకి పాకి మోకాలిదాకా కాలు తీసేశారు. ఆ తర్వాత ఆమె మగ్గం పక్కన కుర్చీలో కూర్చుని, ఆ చప్పుడు వింటూ, అలాగే పోయింది. డాక్టరమ్మతో ఇదంతా చెప్పాను. "చూసుకోకపోతే మీదీ అదే దారి. ఒక్క పుండు చాలు" అంది.

బయటికొచ్చి నిమ్మకాయ సోడా తాగాం. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. భయమూ రాలేదు. సోడాలో ఉప్పెక్కువైందని మాత్రం అనుకున్నాను. మా ఆయన సోడా డబ్బులిచ్చాడు. మేమిద్దరం మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశాం. అంటే గొడవలేమీ లేవు. పిల్లలు పుట్టలేదు, కొన్నాళ్లు ఆ బాధ మాట్లాడుకున్నాం, తర్వాత ఆ బాధ కూడా పాతబడింది. మిగిలింది తువ్వాళ్లు వచ్చాయా, లుంగీలు సరిపోతాయా, వంట అయిందా, అంతే. మొద్దుబారడం నా కాళ్ల నుంచి మొదలైందో, ఇంకెక్కడి నుంచైనా కాళ్లలోకి దిగిందో నాకు తెలియదు.

కాళ్లు పూర్తిగా గట్టిపడేదాకా అంగట్లో కూర్చునే ఉండాలి. నా కోసమని మా ఆయన చెన్నై నుంచి ఒక కుర్చీ తెప్పించాడు, ఆఫీసుల్లో ఉంటుందే, మెత్తటి సీటు, కింద చక్రాలు, అలాంటిది. లేవకుండానే ఈ బీరువా నుంచి ఆ బీరువాకు జరిగిపోవచ్చు. "ఇంక నువ్వు కాలు కింద పెట్టే పని లేదుమే" అన్నాడు. పాపం, మంచికే చెప్పాడు. దాంట్లో కూర్చున్నాను. హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే, సాయంత్రం లేవబుద్ధి కాలేదు. ఆ రోజు మొదటిసారి గుండె ఝల్లుమంది. మా అమ్మ కూడా మొదట్లో ఇలాగే హాయిగా కూర్చుని ఉంటుంది.

అదే వారంలో చెన్నై ఆడపిల్లలిద్దరు మా అంగడికి వచ్చారు. పలచటి నూలు తువ్వాళ్లు కావాలన్నారు. పరుగు తర్వాత చెమట తుడుచుకోవడానికట. చెన్నైలో మారథాన్‌కు తయారవుతున్నామన్నారు. ఎంత దూరం పరిగెత్తుతారమ్మా అంటే నలభై రెండు కిలోమీటర్లన్నారు. మనసులో లెక్కేసుకున్నాను. మా ఊరి నుంచి కాళహస్తి దాటి ఇంకా పోవాలి. "ఎవరు పడితే వాళ్లు పరిగెత్తొచ్చా?" అన్నాను. "పేరిస్తే చాలు ఆంటీ" అని నవ్వారు.

ఆ పూట అన్నం తింటూ చెప్పేశాను. "నేను మారథాన్ పరిగెత్తుతా."

మా ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్త, "ఏందది, యాడుండాది ఆ గుడి?" అంది. గుడి కాదత్తా, పరుగు అన్నాను. "ఎవురు తరమతా ఉండారని?" అంది. తర్వాత అడిగినవాళ్లకల్లా కోపంతో నిర్ణయించుకున్నానని చెప్పుకున్నాను. కోపం వచ్చి ఉంటే బాగుండేది. నిజానికి నాకేమీ రాలేదు. ఆ కుర్చీ బాగుంది, అది బాగుందనిపించడమే నాకు నచ్చలేదు, అంతే.

డాక్టరమ్మ మొదట ససేమిరా అంది. "నడవండి చాలు" అంది. నేను మొండికేశాను. "నడిచినా మారథానే గదమ్మా? ఆ పిల్లలు చెప్పారు, నడిచి ముగించేవాళ్లు కూడా ఉంటారంట" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, చివరికి షరతులు పెట్టింది. లోపల మెత్తటి అట్ట ఉన్న బూట్లు చేయించుకోవాలి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. ఉత్త కాళ్లతో ఒక్క అడుగు కూడా వేయకూడదు, ఇంట్లో కూడా. గుడికి పోతే మందపాటి సాక్సులు. కాలి మీద చిన్న గాయం కనబడినా ఆ రోజుతో పరుగు బంద్. "అన్నిటికంటే ముఖ్యం, రోజూ సాయంత్రం ఎవరైనా మీ అరికాళ్లు చూడాలి. మీకు తెలియదు కాబట్టి ఇంకొకరికి తెలియాలి" అంది.

ఇంట్లో చెప్పులేసుకుని తిరుగుతుంటే అత్త మొహం మాడ్చుకుంది. దేవుడి గది గుమ్మం దగ్గర నేను ఆగిపోతే ఇంకా మాడ్చుకుంది. అది సర్దుకున్నాం, గదికి ఒక జత సాక్సులు వేరే పెట్టుకున్నాను. అరికాళ్ల సంగతే తెగలేదు. మొదట అద్దం కింద పెట్టి చూసుకోబోయాను. నా పొట్ట అడ్డం, నా చూపు అంతంతమాత్రం. అత్తను చూడమన్నాను. ఆమె రెండు కళ్లకూ పొరలు, నా కాలు పట్టుకుని "బాగానే ఉండాది పో" అంది, చూసింది నా చీర కుచ్చిళ్లను. ఇంక ఇంట్లో మిగిలింది ఒక్కరే.

"నేను సూస్తాలే" అన్నాడు మా ఆయన.

అత్త నోరు నొక్కుకుంది. "ఒరే నాయనా, పెండ్లాం కాళ్లు ఒళ్లో పెట్టుకుంటావా? ఆయుస్సు తరిగిపోతాదిరా!"

నాకూ ఆ మాటే అడ్డం పడింది. నేను ఎంత నోరున్నదాన్నయినా అలా పెరిగినదాన్నే. తెలియక కాలు తగిలితేనే ఆయన్ని తాకి కళ్లకద్దుకునేదాన్ని. అలాంటిది రోజూ ఆయన ముందు కాళ్లు చాపి కూర్చోవాలా? వద్దన్నాను. పరుగూ వద్దు, పాడూ వద్దు, ఆ కుర్చీలోనే కూర్చుంటాను అన్నాను. ఆయన పోయి కళ్లజోడు తెచ్చుకుని, వరండాలో లైటు కింద పీట వాల్చుకుని కూర్చున్నాడు. ఎంత సేపైనా లేవలేదు. చివరికి నేనే పోయి కుర్చీ వేసుకున్నాను. అత్త లోపల టీవీ చప్పుడు పెంచింది.

ఆయన చీర చూసినట్టే చూశాడు. కొత్త సరుకు వస్తే మా ఆయన చీరను వెలుగుకు పట్టి, అరచేయి తిప్పి వెనకవైపుతో మెల్లగా రాస్తాడు. పోగు తెగినా, ముడి పడినా ఆ చేతికి తెలిసిపోతుంది. అలాగే నా మడమ దగ్గర మొదలుపెట్టి వేళ్ల దాకా రాశాడు. వేళ్ల సందులు విడదీసి చూశాడు. నేను ఆయన నడినెత్తిని చూస్తూ కూర్చున్నాను. జుట్టు అంత పలచబడిందని అప్పుడే చూశాను. ఆయన చెయ్యి నాకు తగలడం లేదు. తగులుతోందని కళ్లతో చూస్తున్నాను, అంతే. సిగ్గేసింది, వెంటనే అదీ పోయింది.

"నొప్పిగా ఉండాదా?" అన్నాడు.

"నొప్పి తెలిస్తే నీతో పనేముందయ్యా?" అని కసిరాను. అయినా మర్నాడూ అడిగాడు. అయిపోయాక రోజూ నేను ఆయన చెయ్యి తాకి కళ్లకద్దుకునేదాన్ని, ఆయుస్సు సంగతి ఏమో, ఎందుకైనా మంచిదని.

అలా మొదలైంది. తెల్లవారుతుండగా బైపాస్ రోడ్డు మీద మొదట నడక, తర్వాత ఒక కరెంటు స్తంభం దాకా పరుగు, ఇంకో స్తంభం దాకా నడక. చుడీదార్ మీద మా అంగడి తువ్వాలు మెడకు చుట్టుకునేదాన్ని. పరిగెత్తితే మనసు తేలికవుతుందని ఎవరెవరో చెప్పారు. నాకేమీ కాలేదు. చెమట పట్టేది, ఆయాసం వచ్చేది, ఇంటికి వచ్చేదాన్ని. నేల నాకు తెలియదు. దూది మీద పరిగెత్తుతున్నట్టుండేది. అందుకని చెవితో పరిగెత్తడం నేర్చుకున్నాను. బూటు టప్‌మని పడితే కాలు సరిగ్గా పడినట్టు, ఈడ్చుకుంటే తప్పుగా పడినట్టు. నా కాళ్లను నేనే దూరం నుంచి వినేదాన్ని.

తమిళనాడు నుంచి పసుపు బట్టలు కట్టుకుని కాలినడకన కొండకు వచ్చేవాళ్లు ఎదురయ్యేవాళ్లు. వాళ్లవి ఉత్త కాళ్లు, నావి అంతేసి బూట్లు. అందులో ఒక పెద్దాయన ఆపి అడిగాడు. "ఏం మొక్కు తల్లీ?" మొక్కు కాదయ్యా అన్నాను. "మొక్కు కాకపోతే ఎందుకు పరిగెత్తేది?" అన్నాడు, నిజంగానే అర్థం కాక. రెండో రోజు ఇంకొకరు అడిగారు. ఆ తర్వాత ఆ దారిలో ఎవరడిగినా మొక్కేనని చెప్పేశాను. దండం పెట్టి దారిచ్చేవాళ్లు. ఈ ఊళ్లో దానికి మించిన జవాబు లేదు.

ఆ యేడు నేను చెన్నై పోలేదని ముందే చెప్పేస్తున్నాను. పేరైతే ఇచ్చాను.

వానలు వెనకబడి చలి మొదలైన రోజులవి. ఆ పొద్దున అంతకు ముందెప్పుడూ పోనంత దూరం పోయాను. బస్సు ఒకటి మీదికొచ్చినట్టొస్తే రోడ్డు దిగి కంపచెట్ల పక్కగా కొంత పరిగెత్తి మళ్లీ ఎక్కాను. అది నాకు పెద్దగా గుర్తు కూడా లేదు. బూటు చప్పుడు మామూలుగానే వినబడింది. తిరిగి ఇంటికి వచ్చేసరికి ఎండెక్కింది. ఎన్నాళ్లకో కడుపులో చిన్న సంతోషం లాంటిది కదిలింది, ఉందో లేదో అన్నంత. ఆకలి కూడా కావచ్చు. వరండాలో కుర్చీలో కూలబడి, "ఏమయ్యా, ఈ రోజు ఎంత దూరం పోయినానో తెల్సా?" అని కేకేశాను.

మా ఆయన అంగడికి పోవడానికి తయారై బయటికి వచ్చాడు. నా మొహం చూడలేదు. కుడి బూటు కింద తడి మరక చూశాడు. గబుక్కున పీట లాక్కుని కింద కూర్చుని బూటు విప్పబోయాడు. అది రాలేదు. కాలికి కుట్టేసినట్టు అతుక్కుపోయి ఉంది. కొంచెం తిప్పి చూస్తే కింద అట్టలోంచి తుమ్మముల్లు మొదలు కనిపిస్తోంది. చిటికెనవేలంత ముల్లు, బూటునీ సాక్సునీ దాటుకుని నా కాల్లోకి దిగి ఉంది. దాని మీద అంత దూరం పరిగెత్తుకుంటూ వచ్చాను.

"కదలొద్దు" అన్నాడు. ఎడమ చేత్తో నా చీలమండ పట్టుకున్నాడు. కుడి చేత్తో ముల్లు మొదలు పట్టుకుని పళ్లు బిగించి లాగాడు. నేను చూస్తున్నాను. ముల్లు నిదానంగా బయటికొచ్చింది. దాని వెనకే నెత్తురు.

"అబ్బా!" అని అరిచాడు మా ఆయన.

పెద్దగానే అరిచాడు. ముల్లు ఆయన చేతిలో ఉంది, నెత్తురు నా కాలిది, కళ్లలో నీళ్లు ఆయనవి. నాకు మాత్రం ఏమీ లేదు.

లోపల దేవుడి గదిలో ఉన్న అత్త ఉలిక్కిపడి లేచినట్టుంది, గంట కింద పడిన చప్పుడైంది. గోడ పట్టుకుని తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆమెకు మా ఆకారాలు తప్ప ఏమీ కనబడవు.

"ఏమైంది నాయనా? కాల్లో ఏమన్నా గుచ్చుకునిందా నీకు?" అంది.

ఆయన నా కాలు తన రెండు చేతుల మధ్య గట్టిగా అదిమి పట్టుకునే ఉన్నాడు. తలెత్తలేదు.

"అవునమ్మా" అన్నాడు. "ముల్లు."

"అయ్యో నా తండ్రీ, నొప్పిగా ఉండాదా?"

"ఉండాదమ్మా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కుర్చీ చేతులు పట్టుకుని భోరుమని ఏడ్చాను.